పాత మస్టాంగ్ స్టీరింగ్‌లో ఆట పోగొట్టడం ఎలా?

నా 1966 ఫోర్డ్ మస్టాంగ్‌ను కొన్న రోజు డాలస్ హైవే మీద ఇంటికి తీసుకువస్తుంటే, కారును నేను నడుపుతున్నానా, బతిమాలుతున్నానా అనిపించింది. స్టీరింగ్ మూడంగుళాలు తిప్పినా అది తన దారిన తాను పోయేది. ఈ వదులునే ఆట అంటారు. అమ్మినాయన మాత్రం ‘పాత కార్లన్నీ ఇంతే’ అన్నాడు. అది అబద్ధం. కొత్తలో ఇవి బుద్ధిగానే నడిచేవి. అరవై ఏళ్లుగా అరిగిన కీళ్లు మారిస్తే ఇప్పుడూ నడుస్తాయి. ఈ పని నా కారుకూ, మిత్రుల కార్లకూ చాలాసార్లు చేశాను. పని నేర్చుకోవడానికి పట్టిన కాలం కన్నా, ఇతరులు సుత్తితో చేసిన గాయాలు మాన్పడానికి పట్టిన కాలమే ఎక్కువ.

స్టీరింగ్ పెట్టె నుంచి కిందికి దిగే చెయ్యిని పిట్‌మన్ ఆర్మ్ అంటారు. అది సెంటర్ లింక్ అనే అడ్డకడ్డీని అటూ ఇటూ జరుపుతుంది. ఆ కడ్డీ కుడి కొసను మోసేది ఐడ్లర్ ఆర్మ్. కడ్డీ నుంచి చక్రాలకు వెళ్లేవి టై రాడ్‌లు. ఒక్కో వైపు లోపలి ముక్క ఒకటి, బయటి ముక్క ఒకటి, రెండింటినీ కలిపే మరల గొట్టం ఒకటి ఉంటాయి. దీన్నే స్లీవ్ అంటారు.

ఏది అరిగిందో చూడకుండా అన్నీ ఆర్డర్ చేయవద్దు. కారును నేల మీదే ఉంచి, ఇంజన్ ఆపి, ఇంట్లో ఒకరిని స్టీరింగ్ అటూ ఇటూ కొద్దిగా కదపమనండి. మీరు కిందికి వంగి ఒక్కొక్క కీలు మీద వేలు పెట్టి చూడండి. ఒక వైపు కదిలి రెండో వైపు కదలని చోటే రోగం ఉంది. నేను చూసిన కార్లలో సగానికి పైగా ఐడ్లర్ ఆర్మే దొంగ. టై రాడ్‌లు మార్చేటప్పుడు మాత్రం నాలుగు కొసలూ ఒకేసారి మార్చాలి. ఒకటి కొత్తది, మూడు పాతవి అనే పొదుపు నాకు నచ్చదు.

సామాన్లు కొనేటప్పుడు ఇంజన్‌ను నమ్మవద్దు. ఆరు సిలిండర్ల కారుకు ఒక కొలత, ఎనిమిది సిలిండర్ల వీ-8 కారుకు మరో కొలత. ఈ అరవై ఏళ్లలో ఆరు సిలిండర్ల బండ్లలో వీ-8 ఇంజన్ పెట్టుకున్నవారు బోలెడుమంది. అందుకే చక్రం బిగించే బోల్టులు లెక్కపెట్టండి. ఫ్యాక్టరీలో ఆరు సిలిండర్ల కారుకు నాలుగు, వీ-8కు ఐదు ఇచ్చారు. పవర్ స్టీరింగ్ ఉందో లేదో కూడా చెప్పి కొనాలి, ఆ రెండింటి సామాన్లు వేరు. గ్రీజు పెట్టే ముక్కు ఉన్నవే తీసుకోండి. జీవితకాలం గ్రీజు అక్కర్లేదని అమ్మేవి ఎవరి జీవితకాలం గురించి చెబుతున్నాయో తెలియదు.

పనిముట్లు: జాక్, రెండు గట్టి స్టాండ్‌లు, పానాలు, టార్క్ రెంచి (బిగింపు బలం కొలిచే పానా), రెండు బరువైన సుత్తులు, కొలత టేపు, గ్రీజు గన్, కళ్లద్దాలు. వెనక చక్రాలకు అడ్డు పెట్టి, ముందు భాగం ఎత్తి, స్టాండ్‌ల మీద దించి, చక్రాలు విప్పండి. స్టీరింగ్‌ను సూటిగా పెట్టి తాడుతో సీటుకు కట్టేయండి. ఈ కారుకు స్టీరింగ్ తాళం లేదు. స్లీవ్ మరలకు ముందురోజు సాయంత్రమే నూనె పట్టించి ఉంచండి.

విప్పే ముందు ఒక్క కొలత తీసుకోండి: టై రాడ్ లోపలి గ్రీజు ముక్కు నుంచి బయటి గ్రీజు ముక్కు వరకు ఎంత ఉందో రెండు వైపులా రాసుకోవాలి. విప్పేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి, కొత్తదాన్ని అన్నే చుట్లు బిగించేవారున్నారు. కొత్త ముక్క పొడవు పాతదానితో సమానమని వారికి ఎవరు చెప్పారో! పొడవే లెక్క, చుట్లు కాదు.

ఇక అసలు పని. టై రాడ్ కొసన ఉన్న శీల కింది నుంచి పైకి సన్నబడుతూ పోతుంది. అది దూరిన కన్నం కూడా అదే వాలులో ఉంటుంది. నట్టు బిగించినప్పుడు శీల ఆ కన్నంలోకి మేకులా దిగి పట్టుకుంటుంది. నట్టు తీసేసినా ఊడదు, నట్టు ఆ పట్టును తెచ్చిందే గాని ఇప్పుడు దాన్ని నిలిపి ఉంచేది అది కాదు. చాలామంది ఇక్కడే సహనం కోల్పోతారు. శీల కొనమీద సుత్తితో బాదుతారు. మరలు పుట్టగొడుగులా విప్పారుతాయి, నట్టు ఎక్కదు, శీల ఊడదు. తరువాత గ్యాస్ మంట తెస్తారు. మంట పెడితే లోపలి గ్రీజు అంటుకుంటుంది, రబ్బరు కాలుతుంది, ఉక్కు పదును మారి, చక్రం వైపు ఉండి శీలను పట్టుకునే స్టీరింగ్ చెయ్యి బలహీనపడుతుంది. చక్రాన్ని పట్టి ఉంచే ముక్క అది. దానికి మంట చూపించినవారి కారులో నేను కూర్చోను.

రెండు కొమ్ముల పంగల కర్రలాంటి ఇనుము ఒకటి దుకాణాల్లో దొరుకుతుంది. దాన్ని కీలును కప్పే రబ్బరు బూటుకూ స్టీరింగ్ చెయ్యికీ మధ్య పెట్టి కొడితే శీల ఊడుతుంది, నిజమే. బూటు కూడా చిరుగుతుంది. పారేసే ముక్కకైతే ఫరవాలేదు. ఐడ్లర్ ఆర్మ్ ఒక్కటే మార్చాలనుకున్నవారు దీనితో మంచి టై రాడ్ బూటు చింపి, వారం తిరగకుండా అదీ కొనుక్కున్నారు. నా పెట్టెలో అది లేదు.

సరైన పద్ధతి ఇది. నట్టు తిరగకుండా అడ్డుపడే కాటర్ పిన్ను తీసి, నట్టును పూర్తిగా తీయకుండా నాలుగైదు చుట్లు వదులు చేయండి. లేకపోతే కడ్డీ ఊడి మీ ముఖం మీద పడుతుంది. ఇప్పుడు శీలను మరిచిపోండి. కన్నం ఉన్న గుండ్రటి కంటిని చూడండి. దానికి ఒక పక్క బరువైన సుత్తిని దాగలిలా ఆనించి, ఎదురు పక్కన రెండో సుత్తితో గట్టిగా ఒక దెబ్బ వేయండి. ఆ క్షణంలో కన్నం కొద్దిగా సాగి నలుగుతుంది, శీల పట్టు జారుతుంది. పది చిన్న దెబ్బల కన్నా నిండైన రెండు దెబ్బలు మేలు. ఊడకపోతే పుల్లర్ (మర తిప్పి ముక్కను ఊడదీసే పనిముట్టు) బిగించి, శీల మీద ఒత్తిడి ఉంచి, మళ్లీ కంటి మీదే కొట్టండి. తుపాకీ పేలినట్టు శబ్దం వచ్చి ఊడుతుంది, బెదరకండి. సుత్తి సుత్తికి తగిలితే ఉక్కు పెచ్చులు ఎగురుతాయి, అందుకే కళ్లద్దాలు చెప్పాను. ఆ చెయ్యి సన్నని నడుము మీద ఎప్పుడూ కొట్టవద్దు.

పిట్‌మన్ ఆర్మ్‌ను పెట్టె షాఫ్టు నుంచి తీయాల్సివస్తే సుత్తి పక్కన పెట్టేయండి. ఆ దెబ్బ నేరుగా పెట్టెలోని బేరింగులకు తగులుతుంది. దానికి పుల్లర్ ఒక్కటే మందు.

బిగింపు సులువే. కన్నాలు పొడిగా తుడవాలి, అక్కడ గ్రీజు పెట్టకూడదు. స్లీవ్‌కు ఒక కొస కుడి మర, రెండో కొస ఎడమ మర. ముందే చూసుకోండి. రాసుకున్న పొడవు రాగానే ఆపండి. నట్టును మాన్యువల్ చెప్పిన టార్క్‌కు బిగించాక పిన్ను కన్నం కలవకపోతే ఇంకాస్త ముందుకే తిప్పాలి, వెనక్కి తిప్పకూడదు. పాత పిన్ను మళ్లీ వాడవద్దు.

ఐడ్లర్ ఆర్మ్ దగ్గర ఒక్క జాగ్రత్త. రబ్బరు బుష్ (కీలు లోపల ఉండే రబ్బరు గొట్టం) ఉన్నదైతే, చక్రాలు సూటిగా ఉన్నప్పుడే చివరి బిగింపు ఇవ్వాలి. చక్రాలు పక్కకు తిరిగి ఉండగా బిగిస్తే ఆ రబ్బరు మెలిపడి, కారును జీవితాంతం ఒకే వైపు లాగుతుంది. అలా లాగుతున్న కారుకు ఎవరో కొత్త టైర్లు, తరువాత కొత్త స్ప్రింగులు అమ్మారు. నేను నట్టు వదులు చేసి, చక్రాలు సూటి చేసి, మళ్లీ బిగించాను. పది నిమిషాల పని.

ఆట ఉందనగానే రాక్ అండ్ పినియన్ అనే వేరే రకం స్టీరింగ్‌కు మారిపొమ్మని సలహా ఇచ్చేవారుంటారు. వేల డాలర్ల ఖర్చది. ముందు ఈ కీళ్లు మార్చి చూడండి. ఆ తరువాత కూడా కావాలనిపిస్తే మీ ఇష్టం.

కారును దించి, నాలుగడుగులు ముందుకు నెట్టి, టో, అంటే ముందు చక్రాలు ఒకదానివైపు ఒకటి ఎంత తిరిగి ఉన్నాయో కొలవండి. ముందు టైర్ల మధ్య దూరం ముందు వైపు వెనక వైపు కన్నా కొంచెం తక్కువ ఉండాలి. రేడియల్ టైర్లకు నేను అంగుళంలో ఎనిమిదో వంతు పెడతాను. తరువాత అలైన్‌మెంట్ షాపుకు వెళ్లండి. యాభై మైళ్లు తిరిగాక స్లీవ్‌లను బిగించి ఉంచే క్లాంపులు, పిన్నులు మరోసారి చూడండి.

సూటిగా పోతున్నప్పుడు స్టీరింగ్ చక్రం పక్కకు వాలి ఉంటే, దాన్ని ఊడదీసి తిప్పి పెట్టవద్దు. పెట్టెలోని పళ్లు బిగువుగా కలిసేది సరిగ్గా మధ్యలోనే. చక్రాన్ని మాత్రం తిప్పి పెడితే కారు సూటిగా పోతున్నప్పుడు పెట్టె పక్కన, వదులు చోట ఉంటుంది. అంటే పోగొట్టిన ఆట మళ్లీ తెచ్చుకున్నట్టే. రెండు స్లీవ్‌లనూ సమానంగా, ఒకటి పొడవు పెరిగేలా, రెండోది తగ్గేలా తిప్పండి. పావు చుట్టుతో మొదలుపెట్టండి.