వారంటీ ముగిసేలోగా గేర్‌బాక్స్ చూపించేవారికి జాగ్రత్తలు

గేర్‌బాక్స్‌ను బయటి మెకానిక్‌తో విప్పించకూడదు. బయట చేయి పడిందని తేలితే వారంటీని నిరాకరించడానికి కంపెనీకి అదే సాకు అవుతుంది.

గడువు ముగియకముందే ఫిర్యాదును కిలోమీటర్ల రీడింగ్‌తో సహా జాబ్ కార్డులో (సర్వీస్ సెంటరు ఫిర్యాదులు, చేయాల్సిన పనులు రాసే కాగితంలో) రాయించి ప్రతి తీసుకోవాలి. ‘జనరల్ చెకప్’ అని రాస్తే ఒప్పుకోకుండా, ‘ఉదయం బండి తీయగానే రెండో గేరు నుంచి మూడో గేరుకు మారేటప్పుడు కుదుపు’ అన్నంత వివరంగా రాయించాలి, ఎందుకంటే గడువు దాటాక అదే లోపం తిరగబెడితే చేతిలో మిగిలే ఆధారం ఆ కాగితమే.

కుదుపును వీడియో తీసి ఉంచుకోవాలి. సర్వీస్ సెంటరుకు చేరేసరికి బండి బుద్ధిగా నడవడం మామూలే.

ఆటోమేటిక్ కారు ఆగిపోతే తాడు కట్టి లాగించకుండా, కారు మొత్తాన్ని పైకి ఎక్కించుకునే ఫ్లాట్‌బెడ్ వాహనంపై తరలించాలి, లేకుంటే ఆయిల్ అందక గేర్‌బాక్స్ లోపలి భాగాలు దెబ్బతినవచ్చు.

క్లచ్ ప్లేటు అరుగుదల సాధారణంగా వారంటీలోకి రాదు కనుక అంచనా ఖర్చును ముందే రాయించుకోవాలి.