ఆదివారం ఆరాధనకు శనివారం రాత్రే సిద్ధం

మందిరానికి చేరేసరికి స్తుతి పాటలు అయిపోయి, ప్రసంగం మధ్యలో లోపలికి వెళ్లడం చాలా ఇళ్లలో మామూలే. మేం పనులన్నీ శనివారానికి జరిపాం. రాత్రి ఎనిమిదింటికల్లా అందరి బట్టలు ఇస్త్రీ చేసి, బండిలో పెట్రోలు పోయించి, కానుక కవరు బైబిల్లో పెట్టేస్తాం. ఇడ్లీ పిండి ఫ్రిజ్‌లో ఉంటే పొద్దున టిఫిన్ టెన్షన్ లేదు. ఆదివారం బిరియానీ ఆ రాత్రికి వాయిదా (పిల్లలు గొణుగుతారు, గొణగనివ్వండి).

పడుకునే ముందు అందరం కలిసి 100వ కీర్తన పైకి చదువుతాం. 5 వచనాలే, రెండు నిమిషాల పని. ఆదివారం ఆరాధన ముగిసేదాకా ఫోన్లలో డేటా ఆఫ్.

శనివారం నైట్ డ్యూటీయో, పెళ్లో ఉంటే మాత్రం ఇది కుదరదు. నిద్ర చాలక ఆరాధనలో తూగుతారు. మీ సంఘంలో రెండో ఆరాధన ఉంటే ఆ వారం దానికి వెళ్లండి.