చెన్నై వానల డేటాను పనోప్లీలో మ్యాప్‌గా చూడడం ఎలా?

1901 నుంచి దేశంలో ఏ రోజు ఎక్కడ ఎంత వాన పడిందో అక్షాంశ రేఖాంశాల 0.25 డిగ్రీల గడుల్లో లెక్కగట్టి, భారత వాతావరణ శాఖ పుణె కార్యాలయం ఏడాదికొక ఫైల్‌గా ఇస్తోంది. ప్రోగ్రామింగ్ రాకపోయినా ఈ ఫైళ్లు చూడొచ్చు. నాసా గాడ్డార్డ్ సంస్థ ఉచితంగా ఇచ్చే పనోప్లీ అనే ప్రోగ్రామ్ చాలు. 2015 డిసెంబరు చెన్నై వానతో ప్రయత్నిద్దాం.

ముందు జావా. పనోప్లీ నడవాలంటే కంప్యూటర్‌లో ఇది 11 లేదా ఆపై వెర్షన్ ఉండాలి. జావా డాట్ కామ్‌లో మామూలుగా దొరికేది 8, అది పనికిరాదు. అడాప్టియమ్ సైట్ నుంచి టెమురిన్ పేరుతో ఇచ్చే జావా 17 గానీ 21 గానీ వేసుకోండి. ఇన్‌స్టాలర్ అడిగేటప్పుడు 'జావా హోమ్' ఆప్షన్ కూడా ఆన్ చేయండి.

విండోస్‌లో పనోప్లీ జిప్‌గా వస్తుంది. జిప్ లోపలే డబుల్ క్లిక్ చేస్తే తెరుచుకోదు, ముందు 'ఎక్స్‌ట్రాక్ట్ ఆల్' చేయాలి. పక్కనున్న 'జార్స్' ఫోల్డర్‌ను వదిలేసి ప్రోగ్రామ్ ఒక్కదాన్నే డెస్క్‌టాప్ మీదికి లాగినా నడవదు. డెస్క్‌టాప్ మీద కావాలంటే షార్ట్‌కట్ పెట్టుకోండి.

వాతావరణ శాఖ డేటాలో 2015 సంవత్సరానిది, నెట్‌సీడీఎఫ్ (పనోప్లీ చదవగల ఫైల్ రకం) దించుకోండి. అక్కడే ఉండే బైనరీ ఫైల్‌ను పనోప్లీ చదవలేదు. ఫైల్ తెరిచి, జాబితాలో వర్షపాతం వేరియబుల్ మీద డబుల్ క్లిక్ చేసి, రేఖాంశ–అక్షాంశ మ్యాప్ ఎంచుకోండి.

మొదట ప్రపంచ పటమంతా వచ్చి, ఇండియా ఓ మూల చిన్నగా కనిపిస్తుంది. 'మ్యాప్' ట్యాబ్‌లో ప్రొజెక్షన్‌ను (పటం గీసే పద్ధతిని) 'ఈక్విరెక్టాంగ్యులర్ రీజినల్'కు మార్చి, కేంద్రం 80.25 తూర్పు, 13 ఉత్తరం, వెడల్పు ఎత్తులు 6 డిగ్రీలు ఇవ్వండి. చెన్నైతో పాటు నెల్లూరు, తిరుపతి, అంచున బెంగళూరు కూడా వస్తాయి. సముద్రం ఖాళీగా ఉండడం తప్పు కాదు, అక్కడ లెక్కలు లేవు. రంగుల స్కేల్ -999 (లెక్క లేదని చెప్పే గుర్తు) దగ్గర మొదలైతే మాత్రం ఆ ఖాళీ గడులను కూడా వానగా చదివిందని అర్థం. కనిష్ఠాన్ని 0గా మీరే రాయండి.

ఇక తేదీ. చాలామంది పొరబడేది ఇక్కడే. వాతావరణ శాఖ లెక్కలో ఒక రోజు ఉదయం 8.30తో ముగుస్తుంది. డిసెంబరు 1న నగరాన్ని ముంచిన వానలో ఎక్కువ భాగం 2వ తేదీ లెక్కలో ఉంటుంది. డిసెంబరు 2 ఏడాదిలో 336వ రోజు, కాబట్టి టైమ్ దగ్గర 336 ఇవ్వండి. లీపు సంవత్సరమైతే అదే తేదీకి 337.

రంగులను నమ్మే ముందు రెండు పనులు చేయండి. 'ఇంటర్‌పొలేట్' టిక్ తీసేయండి. అది ఉంటే గడుల అంచులు కలిసిపోయి, డేటాలో లేని నునుపు కనిపిస్తుంది. 'ఆల్వేస్ ఫిట్ టు డేటా' టిక్ ఉంటే అదీ తీసేసి, స్కేల్‌ను 0 నుంచి 400 మిల్లీమీటర్లకు బిగించండి. లేకపోతే తేదీ మార్చినప్పుడల్లా స్కేల్ మారి, ఓ మోస్తరు జల్లు కూడా ముదురు రంగులో భయపెడుతుంది.

కచ్చితమైన అంకె కావాలంటే రంగును చూసి ఊహించకండి, 'అర్రే' ట్యాబ్‌లో 13.0, 80.25 గడి చదవండి. అది ఏ ఒక్క వర్షమాపకానిదీ కాదు, చుట్టుపక్కల కేంద్రాల నుంచి లెక్కగట్టింది. ఆ 24 గంటల్లో తాంబరంలో 49 సెంటీమీటర్లు, నుంగంబాక్కంలో 29 సెంటీమీటర్లు పడింది. ఒక గడి వెడల్పు దాదాపు 27 కిలోమీటర్లు కాబట్టి ఇంత తేడా కూడా అందులో కలిసిపోతుంది. మీ వీధిలో పడిన వానను ఈ మ్యాప్‌లో వెతక్కండి. ఊళ్ల మధ్య, సంవత్సరాల మధ్య పోలికకు మాత్రం ఇది చక్కగా పనికొస్తుంది.

బొమ్మను 'సేవ్ ఇమేజ్ యాజ్'తో దాచుకోండి. వాట్సాప్‌కైతే పీఎన్‌జీ, ప్రింటుకైతే పీడీఎఫ్. శీర్షికలో తేదీతో పాటు 'ఉదయం 8.30తో ముగిసిన 24 గంటలు' అని తప్పక రాయండి.