న్యూజెర్సీ పెరట్లో మన కూరలు: ఫిబ్రవరిలోనే వేసుకోవాల్సిన ప్లాను

ఫిబ్రవరి వచ్చిందంటే మా వాట్సాప్ గ్రూపులో ఒకటే ప్రశ్న: "గోంగూర గింజలు ఎవరి దగ్గరైనా ఉన్నాయా?" బయట మోకాలెత్తు మంచు ఉండగా అదేం ప్రశ్న అని మావారు నవ్వుతారు. అడగాల్సింది అప్పుడే. మేలో అడిగితే జూలైలో మొక్క వస్తుంది, ఆగస్టులో నాలుగు ఆకులు వస్తాయి, ఆలోపు గోంగూర మీద మోజు తీరిపోతుంది.

సెంట్రల్ న్యూజెర్సీలో మన కూరలకి దొరికే వేసవి చిన్నది. ఏప్రిల్ చివరిదాకా ఏ రాత్రయినా మంచు పడి లేత మొక్కని మాడ్చేయొచ్చు. అక్టోబరు నడిమికొచ్చేసరికి మళ్లీ ఆ భయం మొదలవుతుంది. బెండ, బీర, వంగ కోరుకునే అసలైన వేడి మే నడిమి నుంచి సెప్టెంబరు దాకానే. కాబట్టి ఇక్కడ తోట ప్లానంటే ముందు క్యాలెండరు, ఆ తర్వాతే మట్టీ మొక్కలూ.

మన ఊళ్లో శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది. ఇక్కడ శివరాత్రి జాగారం అయ్యాక పొద్దున్నే డ్రైవ్‌వేలో మంచు తోసుకోవాల్సి రావచ్చు. ఉగాదిని నమ్ముకుందామంటే అది 2026లో మార్చి 19, 2027లో ఏప్రిల్ 7. అందుకని నేను మదర్స్ డేని పట్టుకున్నాను. మే రెండో ఆదివారం. అది దాటాకే వేడి మొక్కలు బయటికి. మిగతా తారీఖులన్నీ దాని నుంచి వెనక్కి లెక్కపెట్టుకోవడమే.

ఎండ ఎక్కడ పడుతుంది

ఫిబ్రవరిలో పెరడు చూసి చోటు నిర్ణయిస్తే రెండు రకాలుగా దెబ్బతింటారు. ఇప్పుడు సూర్యుడు కిందుగా ఉంటాడు కాబట్టి ఇంటి నీడ, ఫెన్స్ నీడ పొడుగ్గా పడుతుంది. జూన్‌లో అదే చోట మంచి ఎండ ఉండొచ్చు. ఇంకోపక్క మేపుల్, ఓక్ చెట్లకి ఇప్పుడు ఆకు లేదు. వాటి కింద ఇప్పుడు ఎండ దంచుతున్నా మే చివరికి అక్కడ చీకటే. దీనికో ఉపాయం ఉంది. పోయిన జూన్, జూలైలలో పెరట్లో తీసిన ఫొటోలు ఫోన్‌లో వెతకండి. పిల్లల బర్త్‌డే ఫొటోలయినా సరే. నీడ ఎక్కడుందో కనిపిస్తుంది, ఏ టైములో తీశారో ఫోనే చెబుతుంది. బెండకీ వంగకీ రోజుకి కనీసం 6 గంటల ఎండ, 8 దొరికితే ఇంకా మంచిది. అంత ఎండ లేని చోటుంటే దాన్ని కొత్తిమీర, పుదీనాలకి వదిలేయండి.

మా వైపు నేల ఎర్రటి జిగట మట్టి. వానొస్తే బురద, ఎండొస్తే పెంకు. అందుకే రెయిజ్డ్ బెడ్, అంటే నేల మీద చట్రం కట్టి మట్టి నింపిన మడి, పెట్టుకోవడం మేలు. 4 అడుగుల వెడల్పు ఉంటే రెండు పక్కల నుంచీ చెయ్యి అందుతుంది, బెడ్‌లో కాలు పెట్టి తొక్కక్కర్లేదు. 4 బై 8 బెడ్ అడుగు ఎత్తున కడితే 32 ఘనపుటడుగుల మట్టి పడుతుంది. 2 ఘనపుటడుగుల బస్తాలు కొంటే 16 బస్తాలు. రెండు బెడ్‌లయితే బస్తాల లెక్క మానేసి లారీతో తోలించుకోండి, చాలా చవక. మట్టికి మూడో వంతు కంపోస్టు కలిపితే మొదటి ఏడాదికి దిగులుండదు.

1978కి ముందు కట్టిన ఇల్లయితే గోడ పక్కన నేలలో నేరుగా ఆకుకూరలు వేయొద్దు. ఆ కాలపు పెయింటులో సీసం ఉండేది, అది రాలి మట్టిలో కలిసి ఉండొచ్చు. రట్గర్స్ యూనివర్సిటీ ల్యాబుకి మట్టి పంపితే పరీక్ష చేసి చెబుతారు. ఆకుకూరలు తినే ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇది వాయిదా వేసే పని కాదు.

ఏవి, ఎన్ని

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అన్నీ ఒక్కోటి వేస్తారు. అలా వేస్తే కూరకి సరిపడా ఏదీ రాదు. బెండే చూడండి. ఒక మొక్కకి ఒక రోజున కోతకొచ్చేది ఒకటో రెండో కాయలు. రెండ్రోజులు ఆగి పోగేద్దామంటే మొదటివి ముదిరి పీచుపడతాయి. నలుగురున్న ఇంటికి ఒకపూట వేపుడు కావాలంటే కనీసం డజను మొక్కలుండాలి. సొర దీనికి పూర్తిగా వ్యతిరేకం, ఒక్క పాదు చాలు. రెండు వేస్తే ఆగస్టులో ఆఫీసులో పంచాల్సి వస్తుంది. మా ఇంటి లెక్క ఇది: గోంగూర పది, బెండ పన్నెండు, వంగ నాలుగు, మిర్చి నాలుగు, బీర రెండు, పప్పు దోస రెండు, సొర ఒకటి. కాకర ఒకటి, అదీ మా అత్తయ్య వచ్చే ఏడాదయితేనే, పిల్లలు ముట్టరు.

గోంగూర సంగతి విడిగా చెప్పాలి. అది పొద్దు తగ్గుముఖం పట్టాకే పూస్తుంది. ఇక్కడ జూన్‌లో పగలు 15 గంటలు, కాబట్టి వేసవంతా ఆకే ఆకు. జానెడున్నర ఎత్తు రాగానే తల తుంచితే పక్క కొమ్మలు వేసి గుబురవుతుంది. పూత వచ్చేసరికి చలి వచ్చేస్తుంది, కాయ ముదిరేలోపే మంచుకి మొక్క పోతుంది. ఫిబ్రవరిలో గ్రూపులో ఏటా గింజల కోసం వెతుకులాట అందుకే. చిక్కుడుదీ ఇదే కథ. తీగ ఫెన్స్ అంతా అల్లుకుంటుంది, సెప్టెంబరులో పూస్తుంది, నాలుగు కోతలు దక్కితే గొప్ప. చోటు తక్కువున్నవాళ్లు చిక్కుడు మానుకుని బీర వేసుకోండి.

గింజలు ఇండియా నుంచి సూట్‌కేసులో తెచ్చుకుందామనుకోకండి. అక్కడి అధికారులిచ్చే మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్ లేకుండా విత్తనాలు తేవడానికి వీల్లేదు. ఇక్కడే మన కూరల గింజలు అమ్మేవాళ్లున్నారు. గోంగూరని వాళ్లు రోజెల్ అని రాస్తారు. మెంతులూ ధనియాలూ మాత్రం పోపు డబ్బా పక్కనున్న ప్యాకెట్లోవే మొలుస్తాయి.

ఇంట్లో నారు

మార్చి మొదటి వారంలో వంగ, మిర్చి. వీటికి బయటికెళ్లే ముందు ఇంట్లో 8 నుంచి 10 వారాలు కావాలి, మిర్చి మరీ నిదానం. గోంగూర ఏప్రిల్ మొదట్లో, గింజలు రాత్రంతా నానబెట్టి. బీర, సొర, దోస, కాకర ఏప్రిల్ మూడో వారంలో, అంతకు ముందు అస్సలు వద్దు. తీగజాతి వేర్లకి కదలిక గిట్టదు. కుండీలో ఎక్కువ రోజులుంటే వేర్లు చుట్టలు తిరిగి, నాటాక నెలరోజులు అలిగి కూర్చుంటాయి. వీటిని ఒక్కోదాన్ని ఒక్కో పేపర్ కప్పులో వేసి, నాటేటప్పుడు కప్పు చింపేసి, మట్టిగడ్డ చెదరకుండా దింపాలి.

వంగ, మిర్చి మొలవాలంటే మట్టి 80 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర వెచ్చగా ఉండాలి. మన బేస్‌మెంట్లు మార్చిలో 60 దగ్గరుంటాయి. కింద హీట్ మ్యాట్ పెట్టండి, లేదంటే ఫ్రిజ్ పైన పెట్టండి. మొలక కనిపించిన రోజే లైటు కిందకి మార్చాలి. కిటికీ వెలుతురు చాలదు, నారు సన్నగా సాగి వాలిపోతుంది. 4 అడుగుల మామూలు ఎల్ఈడీ షాప్ లైటు చాలు, పర్పుల్ రంగు ఖరీదైనవేం అక్కర్లేదు. మొక్కకి రెండు మూడు అంగుళాల పైన వేలాడదీసి, రోజుకి 14 గంటలు వెలిగేట్టు టైమర్ పెట్టండి. మొక్క పెరిగేకొద్దీ లైటు పైకి జరపాలి.

చలికి ఓర్చేవి ముందే బయటికి

పాలకూర, మెంతి, కొత్తిమీర, బటానీలకి మదర్స్ డే దాకా ఆగక్కర్లేదు. మార్చి ఆఖరులో మట్టి పిడికిట పట్టి వదిలితే పొడిపొడిగా రాలుతోందంటే గింజలు చల్లేయొచ్చు. ధనియాలు చపాతీ కర్రతో మెల్లగా నలిపి రెండు బద్దలుగా చేయండి. కొత్తిమీర మొత్తం ఒకేసారి చల్లొద్దు. రెండు మూడు వారాలకోసారి కాస్త కాస్త చల్లండి, మే నడిమిదాకా. జూన్ ఎండకి అది పువ్వుకి వెళ్లిపోతుంది, ఎవరూ ఆపలేరు. మళ్లీ ఆగస్టు చివర్లో చల్లితే అక్టోబరు దాకా ఉంటుంది. తోటకూర వీటితో పాటు వేయొద్దు, దానికి వేడి కావాలి. మే నడిమిలో నేరుగా చల్లుకోవడమే.

పుదీనా కుండీలోనే. నేలలో పెడితే రెండేళ్లలో లాన్ అంతా పుదీనా అవుతుంది. కరివేపాకూ కుండీలోనే, కానీ కారణం వేరు. రాత్రి 50 డిగ్రీల కిందకి దిగుతుందంటే దాన్ని లోపలికి తేవాలి. శీతాకాలంలో ఆకు రాలుస్తుంది, కంగారుపడి నీళ్లు పోయకండి. చచ్చే కరివేపాకుల్లో ఎక్కువ భాగం జనవరిలో ప్రేమగా పోసిన నీళ్లకే చస్తాయి. ఏప్రిల్‌లో కొత్త మట్టి వేసి కొసలు తుంచితే చిగురిస్తుంది. ఇండియా నుంచి కరివేపాకు కొమ్మ గానీ ఆకు గానీ తేకూడదు. నిమ్మ, నారింజ చెట్లని చంపే గ్రీనింగ్ జబ్బుని మోసే పురుగు దానిమీద బతుకుతుంది. దొండ కావాలంటే తీగ ముక్క నాటాలి, అదీ పెద్ద కుండీలో. చలికాలం దాని దుంపని బేస్‌మెంట్‌లో దాచుకోవచ్చు.

పందిరి, ఫెన్స్

పందిరి బెడ్‌కి ఉత్తరం పక్కన కట్టండి, మిగతావాటి మీద నీడ పడదు. దాని ముందు వరస బెండ, అది మనిషెత్తు పెరుగుతుంది. ఆ ముందు గోంగూర, వంగ, దక్షిణం అంచున మిర్చి. గోంగూరకి ఒకటిన్నర అడుగు, వంగకి రెండడుగులు ఎడం. నాటిన కొత్తలో ఆ ఎడం చూస్తే చోటు వృథా అయినట్టుంటుంది, మధ్యలో మెంతి చల్లి ఆ బాధ తీర్చుకోండి. రెండు బెడ్‌లున్నవాళ్లు 16 అడుగుల క్యాటిల్ ప్యానెల్ (పశువుల కంచెకి వాడే గట్టి ఇనుప జాలీ) వంచి మధ్యలో కమానులా నిలబెడితే సొరకి అంతకన్నా గట్టి పందిరి ఉండదు. కాయలు తలకి తగులుతాయి, అంతే.

సొర, బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. అప్పటికి తేనెటీగలు ఇళ్లకి వెళ్లిపోయుంటాయి. పిందెలు పసుపెక్కి రాలుతుంటే ఆరున్నర, ఏడింటికి మగపువ్వు కోసి ఆడపువ్వు మధ్యలో అద్దండి. ఆడపువ్వుకి కింద బుల్లి కాయ ఉంటుంది.

ఫెన్స్ లేకుండా మాత్రం మొదలుపెట్టొద్దు. కుందేళ్లకి రెండడుగుల జాలీ చాలు. గ్రౌండ్‌హాగ్ (బొరియల్లో ఉండే బొద్దు ఉడుతజాతి జంతువు) తవ్వుకొస్తుంది కాబట్టి జాలీ అడుగుభాగం అడుగు మేర బయటివైపు వంచి మట్టిలో పూడ్చాలి. జింకలు 8 అడుగుల లోపు ఏదైనా దూకగలవు. అంత ఎత్తు కట్టాలంటే టౌన్‌షిప్‌ని, హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) ఉంటే వాళ్లని, మార్చిలోనే అడగండి. పర్మిషన్ వచ్చేసరికి ఎలాగూ మే అవుతుంది.

నారుని లైటు కింద నుంచి నేరుగా ఎండలో పెట్టకండి, ఆకులు తెల్లగా మాడతాయి. మే మొదటి వారంలో రోజూ బయటికి తెచ్చి, మొదటి రోజు గంటసేపు నీడలో, తర్వాత మెల్లగా ఎండలోకి, వారం పది రోజులు అలవాటు చేయండి. ఇది విసుగు పని, ట్రేలు మోయడానికి ఇంట్లో ఎవరినైనా పెట్టుకోండి. నాటేది సాయంత్రం పూట, వీలైతే మబ్బుగా ఉన్న రోజున. మదర్స్ డే దాటినా ఆ వారం రాత్రులు 50 కిందకి పోతున్నాయంటే ఇంకో వారం ఆగండి. బెండ గింజ చల్లటి మట్టిలో మొలవకుండా కుళ్లుతుంది, మట్టి 65 డిగ్రీలు దాటాకే వేయాలి. పది డాలర్ల థర్మామీటరు గుచ్చితే తెలిసిపోతుంది. వంగ మీద నాటిన రోజే రో కవర్ అనే పల్చటి గుడ్డ కప్పండి, లేకపోతే ఫ్లీ బీటిల్స్ అనే బుల్లి గెంతే పురుగులు వారంలో ఆకుని జల్లెడ చేస్తాయి. పూత మొదలయ్యాక తీసేయాలి.