చెసపీక్ అఖాతంలో చిన్న పడవ ప్రయాణం: రేవు నుంచి రేవుకు వెళ్లే పద్ధతి

అమెరికా తూర్పు తీరంలో మేరీల్యాండ్, వర్జీనియా రాష్ట్రాల్లో ఉత్తర దక్షిణాలుగా పరుచుకున్న చెసపీక్ అఖాతం పొడవు సుమారు 200 మైళ్లు, సగటు లోతు సుమారు 21 అడుగులు. పొడవు చూసి భయపడేవారు చాలామంది ఉంటారు గాని, నిజానికి జాగ్రత్తగా గమనించవలసింది లోతునే. లోతు తక్కువైన నీటి మీద గాలి లేపే అల పొట్టిగా, నిటారుగా ఉండి, ఒకదాని వెంట ఒకటి ఊపిరి తిప్పుకోనివ్వకుండా వస్తుంది. నడిసముద్రపు పొడవాటి అల మీద పడవ మెల్లగా లేచి మెల్లగా దిగుతుంది. ఇక్కడ 24 అడుగుల పడవ ఒక అల దాటి నిలదొక్కుకునేలోపే దాని ముక్కు రెండో అలలో దిగబడుతుంది. అందుచేత ఈ అఖాతంలో ప్రయాణాన్ని ఎంత దూరం వెళ్లగలమన్న లెక్కతో కాక, మధ్యాహ్నం గాలి ముదిరేలోపు ఏ రేవులో పడవను కట్టగలమన్న లెక్కతో వేసుకోవాలి. ఈ వ్యాసంలోని సూచనలన్నీ ఆ లెక్క మీదే ఆధారపడి ఉన్నాయి.

వాషింగ్టన్, బాల్టిమోర్ పరిసరాల్లో ఉంటున్న తెలుగు కుటుంబాలకు అనాపొలిస్ నుంచి బయలుదేరడం సులభం. మొదటిసారి వెళ్లేవారికి నేను సూచించే దారి ఇది: అనాపొలిస్ నుంచి సెయింట్ మైకేల్స్‌కు సుమారు 25 నాటికల్ మైళ్లు, అక్కడి నుంచి ఆక్స్‌ఫర్డ్‌కు దాదాపు 30, ఆక్స్‌ఫర్డ్ నుంచి అఖాతాన్ని అడ్డంగా దాటి సాలమన్స్ ద్వీపానికి దాదాపు 40, అక్కడి నుంచి తిరిగి అనాపొలిస్‌కు సుమారు 45. ఇది నాలుగు రోజుల ప్రయాణమే అయినా వారం రోజులు కేటాయించుకోవాలి. మిగిలిన మూడు రోజులు వాతావరణానికి వదిలేయవలసినవి. సోమవారం ఉదయానికి ఆఫీసులో ఉండి తీరాలన్న తొందరతో ఆదివారం మధ్యాహ్నం ఎదురుగాలిలో బయలుదేరడం ఇక్కడ జరిగే పొరపాట్లన్నింటిలోకీ పెద్దది.

బయలుదేరే ముందు చూసుకోవలసిన చట్టపరమైన విషయాలు కొన్ని ఉన్నాయి. 1972 జూలై 1న గాని ఆ తరువాత గాని పుట్టినవారు మేరీల్యాండ్ జలాల్లో మోటారు పడవ నడపాలంటే బోటింగ్ భద్రతా శిక్షణ ధ్రువపత్రం దగ్గర ఉంచుకోవాలి. పడవలో ఎంతమంది ఉంటే అన్ని లైఫ్ జాకెట్లు, పడవ 16 అడుగులు గాని అంతకు మించి గాని ఉంటే వాటితోపాటు నీటిలో పడినవారికి విసిరే తేలుడు సాధనం ఒకటి తప్పనిసరి. 26 అడుగుల లోపు పడవల్లో, ఇంజన్ ఆపే మీటకు కట్టిన తాడును నడిపేవారు ఒంటికి తగిలించుకోవాలన్న ఫెడరల్ నిబంధన 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. నడిపే మనిషి తూలి నీటిలో పడితే ఇంజన్ దానంతట అదే ఆగిపోవడం కోసం ఈ ఏర్పాటు.

లైఫ్ జాకెట్ల విషయంలో మనవారికి ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. వేసవిలో ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను, అత్తమామలను పడవ ఎక్కించుకుని తీసుకువెళ్లే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ పెద్దవారిలో చాలామందికి ఈత రాదు. జాకెట్‌ను సీటు కింద ఉంచి, అవసరమైనప్పుడు ఇస్తామనడం సరికాదు. రేవులో పడవ కట్టి ఉండగానే దానిని తొడిగి, పైట చెంగును నడుముకు బిగించి దోపించి, జాకెట్ పట్టీలు ఒక్కొక్కటీ బిగించి, రెండు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడాలి. జాకెట్ గడ్డం దాకా జారి వస్తే అది వదులుగా ఉన్నట్టే, మళ్లీ బిగించాలి. పడవలోకి కాలు పెట్టేటప్పుడు ఎక్కడ పట్టుకోవాలో, పడవ వేగంగా పోతున్నప్పుడు ఎందుకు లేచి నిలబడకూడదో వారికి ముందే మర్యాదగా వివరిస్తే దారిలో కేకలు వేయవలసిన అవసరం రాదు.

దారి గుర్తుల విషయంలో భారతదేశంలో పడవ నడిపి వచ్చినవారు మరింత అప్రమత్తంగా ఉండాలి. సముద్రం నుంచి రేవులోకి వచ్చేటప్పుడు మన దేశంలో ఎర్రని గుర్తులు ఎడమ చేతివైపు ఉంటాయి. అమెరికాలో అవే ఎర్ర గుర్తులు కుడి చేతివైపు ఉంటాయి. విశాఖలోనో కాకినాడలోనో నేర్చుకున్న అలవాటు ఇక్కడ పడవను నేరుగా ఇసుక మేట మీదికి ఎక్కిస్తుంది. ఎర్ర గుర్తులకు సరి సంఖ్యలు, ఆకుపచ్చ గుర్తులకు బేసి సంఖ్యలు ఉంటాయి. ఒక్కో గుర్తును దాటినప్పుడు దాని సంఖ్యను పైకి చదివి, పటంలో ఉన్నదానితో సరిచూసుకునే పనిని పక్కన కూర్చున్నవారికి అప్పగించడం మంచిది. ఈ పని పిల్లలు ఎంతో ఇష్టంగా చేస్తారు.

అనాపొలిస్ దగ్గర ఆటుపోట్ల తేడా సుమారు ఒక అడుగే. అంత తక్కువ కదా అని నిశ్చింతగా ఉండకూడదు, ఎందుకంటే ఈ అఖాతంలో నీటిమట్టాన్ని చంద్రుడి కంటే గాలే ఎక్కువగా శాసిస్తుంది. వాయవ్యం నుంచి బలమైన గాలి ఒకటి రెండు రోజులు ఆగకుండా వీస్తే ఉత్తర భాగంలోని నీరంతా దక్షిణానికి తోసుకుపోయి, పటంలో రాసి ఉన్న లోతు కంటే అసలు లోతు తక్కువైపోతుంది. అలాంటి రోజున ఇరుకైన వాగుల్లోకి వెళ్లకుండా పెద్ద నది రేవులోనే ఆగిపోవడం ఉత్తమం. ఎగువన భారీ వర్షాలు కురిస్తే మరో ఇబ్బంది ఉంది. ఈ అఖాతానికి వచ్చే మంచినీటిలో దాదాపు సగం సస్క్వెహానా నదిదే. ఆ నది మీది కానొవింగో ఆనకట్ట గేట్లు ఎత్తినప్పుడు మాన్లు, దుంగలు కొట్టుకువచ్చి నీటి పైపొరకు సమంగా తేలుతూ ఉంటాయి. అవి తగ్గేదాకా అఖాతం ఉత్తర భాగంలో వేగంగా నడపకూడదు.

ఇక పీతల బోనులు. మేరీల్యాండ్‌లో పీతలు పట్టడమే వృత్తిగా ఉన్నవారు తమ తీగ బోనులను అఖాతం ప్రధాన భాగంలో వరుసలుగా దింపి, ఒక్కొక్కదానికి తాడు కట్టి, పైన చిన్న తేలుడు బుడ్డిని వదులుతారు. నదుల్లోకి వెళ్లాక ఆ బోనులకు బదులు ఎర కట్టిన పొడవాటి తాళ్లు కనిపిస్తాయి. ఉదయపు ఎండ ఎదురుగా నీటి మీద మెరుస్తున్నప్పుడు ఆ బుడ్డి కొబ్బరికాయంత నల్లని చుక్కలా ఉంటుంది, అల వెనక్కి పోతే అదీ కనిపించదు. ఒకసారి నేను పటం వైపు తల దించిన పది సెకన్లలోనే పడవ వెనుక భాగం ఒక్కసారిగా బరువెక్కి, ఇంజన్ మూలిగి ఆగిపోయింది. ప్రొపెల్లర్ చుట్టూ తాడు ఎంత గట్టిగా చుట్టుకుందంటే, వేడికి దాని పోగులు కరిగి ఒకే ముద్దగా అతుక్కుపోయాయి. అలాంటప్పుడు తాళం చెవి తీసేసి, ఇంజన్‌ను పైకి ఎత్తి, తాడును చుట్టు వెంట చుట్టు వెనక్కి విప్పాలి. వేరే దారి లేకపోతేనే పళ్లున్న కత్తితో కోయాలి. తాడు కోస్తే ఒక జాలరి బోను అడుగున ఉండిపోతుంది, అందులోని పీతలు కూడా వృథాగా చస్తాయి. కనుక వరుస కనిపించగానే వేగం తగ్గించి, ఒకరు ముందు భాగంలో కూర్చుని చేత్తో దారి చూపడమే సరైన పద్ధతి.

వాతావరణానికి జాతీయ వాతావరణ సంస్థ ఇచ్చే సముద్ర సూచనను రాత్రి ఒకసారి, తెల్లవారగానే ఒకసారి పడవల్లో వాడే వీహెచ్‌ఎఫ్ రేడియోలో వినాలి. చిన్న పడవలకు హెచ్చరిక ఉందని చెబితే ఆ రోజు ప్రయాణం మానుకోవాలి. వేసవిలో ఉదయం నీరు అద్దంలా ఉండి, మధ్యాహ్నానికి మన పైరగాలిలాంటి దక్షిణపు గాలి మొదలై, సాయంత్రం దాకా పెరుగుతూ పోవడం మామూలు. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం తరువాత పడమటి దిక్కున ఉరుముల మేఘాలు లేస్తాయి. మేఘం అడుగు భాగం నల్లబడి, అంతవరకు వీస్తున్న గాలి హఠాత్తుగా పడిపోయి, ఒంటికి చల్లని గాలి తగిలిందంటే సమయం నిమిషాల్లోనే ఉంది. అందరికీ లైఫ్ జాకెట్లు తొడిగించాలి, విడి సామాను కట్టేయాలి, దగ్గరలో రేవు ఉంటే అందులో చేరాలి. రేవు అందకపోతే, గాలి వచ్చే వైపు గట్టు చాటున లంగరు వేసి, నీటి లోతుకు ఏడు రెట్ల మోకు వదలాలి. అదీ వీలు కాకపోతే ముక్కును గాలికి కొద్దిగా ఏటవాలుగా ఉంచి, పడవ అదుపులో ఉండేంత వేగంతో మాత్రమే నడపాలి. ఇలాంటి గాలివానలు చాలావరకు గంటలోపే దాటిపోతాయి గనుక, ఆ గంటసేపు దూరం తగ్గించుకోవాలన్న ఆలోచన పెట్టుకోకూడదు. ప్రాణాపాయం వస్తే రేడియో 16వ చానల్‌లో కోస్ట్ గార్డ్‌ను పిలవాలి. పడవ పేరు, ఉన్న చోటు, ఉన్నవారి సంఖ్య ముందుగా చెప్పాలి.

ఇంధనం విషయంలో పాత నియమం చాలు: పోవడానికి మూడో వంతు, రావడానికి మూడో వంతు, అనుకోని అవసరానికి మూడో వంతు. ఇంజన్ లోపలి అరలో ఉండే పెట్రోలు పడవల్లో, నింపిన తరువాత గాలిని బయటకు తోసే ఫ్యాన్‌ను కనీసం నాలుగు నిమిషాలు తిప్పాకే ఇంజన్ ముట్టించాలి.

మరీనాలో, అంటే అద్దె చెల్లించి పడవను కట్టుకునే రేవులో, స్థలం కోసం ముందు రోజే ఫోన్ చేయడం మంచిది. శని, ఆదివారాలకైతే చాలా ముందే చేయాలి. పడవ పొడవు, వెడల్పు, నీటిలో మునిగే లోతు, ఎన్ని ఆంపియర్ల కరెంటు కావాలన్నది అడుగుతారు. అద్దెను సాధారణంగా అడుగుకు, రాత్రికి ఇంత చొప్పున లెక్కగడతారు. ముందుకు పొడుచుకు వచ్చిన భాగాన్ని, వెనుక ఇంజన్‌ను కలుపుకుని కొలిచేవారూ ఉన్నారు గనుక అసలు పొడవునే చెప్పాలి. కరెంటు రుసుము అందులో కలిసి ఉందో లేదో అప్పుడే అడగాలి.

లోపలికి వెళ్లే పని బయటే మొదలుపెట్టాలి. మరీనా ముఖద్వారానికి దూరంగా ఆగి, స్లిప్ (మన పడవను కట్టే చోటు) ఏ వైపు ఉందో రేడియోలో కనుక్కుని, రెండు పక్కలా ఫెండర్లు (పడవకు దెబ్బ తగలకుండా కాచే మెత్తలు) వేలాడదీసి, ముందు రెండు, వెనుక రెండు తాళ్లు చిక్కులేకుండా సిద్ధం చేసుకోవాలి. చెసపీక్ రేవుల్లో చాలాచోట్ల స్లిప్‌కు ఇరువైపులా నీటిలో పాతిన లావుపాటి కొయ్య గుంజలు ఉంటాయి. ఫెండర్ గుంజ పక్కకు జారిపోతుంది గనుక దాని మీదే భరోసా పెట్టుకోకుండా, గాలి వచ్చే వైపు గుంజకు మొదట తాడు వేయాలి. ఆ ఒక్క తాడు పడవను పట్టి ఉంచితే మిగిలిన మూడు నిదానంగా కట్టుకోవచ్చు. గేరును క్షణం వేసి తీస్తూ, మనిషి మెల్లగా నడిచే వేగానికి మించకుండా పోవాలి. మొదటి ప్రయత్నం కుదరకపోతే వెనక్కి వచ్చి మళ్లీ రావడంలో నామోషీ ఏమీ లేదు. పడవ గుంజకు కొట్టుకోబోతున్నప్పుడు చేయి గాని కాలు గాని అడ్డం పెట్టకూడదని అందరికీ ముందే గట్టిగా చెప్పాలి. పడవకు గీత పడితే రంగు వేసుకోవచ్చు, నలిగిన వేళ్ల సంగతి అలా కాదు.

కరెంటు తీగను తగిలించేటప్పుడు రేవు పెట్టెలోని స్విచ్ ఆపి ఉంచి, మొదట పడవ వైపు కొసను, తరువాత రేవు వైపు కొసను పెట్టి, ఆపైన స్విచ్ వేయాలి. ఇంకొక మాట: మరీనా నీటిలో పిల్లలను ఎంత మాత్రం ఈతకు దింపకూడదు. ఏదో ఒక పడవలో వైరింగ్ లోపం వల్ల నీటిలోకి పాకే విద్యుత్తు ఈదేవారి కండరాలను బిగదీసి ముంచేస్తుంది, పైకి ఏ గుర్తూ కనిపించదు. బయట అఖాతంలో ఈదాలన్నా జూలై, ఆగస్టు నెలల్లో కుట్టే జెల్లీ చేపలు విస్తారంగా ఉంటాయి.

సెయింట్ మైకేల్స్ రేవు చిన్నది, వారాంతంలో కిక్కిరిసిపోతుంది. మధ్యవారంలో వెళ్తే చెసపీక్ బే మారిటైమ్ మ్యూజియంలో 1879 నాటి హూపర్ స్ట్రెయిట్ దీపస్తంభాన్ని తీరిగ్గా ఎక్కి చూడవచ్చు. ఆవిరి మీద ఉడికించి, మసాలా చల్లిన పీతలను బల్ల మీద కాగితం పరిచి కుమ్మరిస్తారు. కొయ్య సుత్తితో పగలగొట్టుకుని తినాలి. ఇగురు రుచికి అలవాటుపడినవారికి కూడా ఆ తాజా మాంసపు తీపి నచ్చుతుంది. ఆక్స్‌ఫర్డ్ ప్రశాంతమైన ఊరు, 1683లో మొదలైన బల్లకట్టు సేవ అక్కడ నేటికీ ఉంది. ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్లే దారిలో టిల్గ్‌మన్ ద్వీపం దగ్గర నాప్స్ నారోస్ అనే ఇరుకు కాలువ ఉంది. దాని వంతెన ఎత్తమని రేడియోలో అడగాలి. రెండు కొసలా మేటలు జరుగుతుంటాయి గనుక తాజా లోతును స్థానిక మరీనాను అడిగి తెలుసుకున్నాకే అందులోకి వెళ్లాలి.

సాలమన్స్ నుంచి ఉత్తరానికి తిరిగి వచ్చే రోజు మొత్తం ప్రయాణంలో కష్టమైనది. కాల్వర్ట్ కొండచరియల పొడవునా ఆశ్రయమిచ్చే రేవులు అరుదు. బాల్టిమోర్‌కు పోయే భారీ ఓడలు ఈ దారినే వస్తాయి, అవి మన కోసం ఆగలేవు, తప్పుకోలేవు. కాబట్టి తెల్లవారుజామునే బయలుదేరి, ఓడల మార్గానికి బయటగా నడుస్తూ, హెరింగ్ బే లోని రేవును రెండో గమ్యంగా ముందే రాసుకోవాలి. 1875 నాటి థామస్ పాయింట్ దీపస్తంభం, ఇనుప కాళ్ల మీద నిలబడిన ఆ ఆరు పలకల తెల్లని ఇల్లు, ఎడమవైపు కనిపించిందంటే అనాపొలిస్ దగ్గరపడినట్టే. రేవు చేరాక మరుగుదొడ్డి ట్యాంకును పంపు కేంద్రంలో ఖాళీ చేయించి, ఉప్పునీటిలో తిరిగిన ఇంజన్‌ను మంచినీటితో కడిగి, బయలుదేరేముందు మీ దారి, తిరిగి వచ్చే సమయం రాసి ఇచ్చిన మనిషికి క్షేమంగా చేరామని ఫోన్ చేయాలి.