ఇంట్లో పెద్దవాళ్లకి రిఫ్లెక్సాలజీ ఎలా చేయాలి, ఎంతవరకు నమ్మాలి

అరికాల్లో ఫలానా చోట నొక్కితే ఫలానా అవయవం బాగుపడుతుందనేదే రిఫ్లెక్సాలజీ. దీన్నీ ఆక్యుప్రెషర్‌నీ చాలామంది ఒకటే అనుకుంటారు గానీ, ఇప్పుడు మనం చూసే పద్ధతి అమెరికాలో తయారైంది. 1917లో విలియం ఫిట్జెరాల్డ్ అనే చెవి ముక్కు గొంతు డాక్టరు ఒంటిని నిలువునా పది భాగాలుగా చూపించి జోన్ థెరపీ అన్నారు. 1930ల్లో యూనిస్ ఇంగ్‌హామ్ అనే ఫిజియోథెరపిస్టు ఆ లెక్కని పాదాల మీదికి తెచ్చారు. వేళ్లు తలకి, వేళ్ల కింది మెత్తటి భాగం ఊపిరితిత్తులకి, ఒంపు కడుపుకి, మడమ నడుముకి అన్నమాట.

ఆ పటం చూసి మాత్రం జబ్బు తేల్చకండి. 2000లో వచ్చిన ఒక పరిశోధనలో ఇద్దరు రిఫ్లెక్సాలజిస్టులకి ఎవరికి ఏ జబ్బుందో చెప్పకుండా పాదాలు చూపిస్తే సరిగ్గా పట్టుకోలేకపోయారు, ఇద్దరి మాటా కలవలేదు కూడా. మా పెద్దమ్మకి అరికాలు నొక్కి, అక్కడ నొప్పి అంటోంది కాబట్టి కిడ్నీ దెబ్బతిందని ఎవరో చెప్పారు. కిడ్నీ పనితీరు చూపే క్రియాటినిన్ రక్తపరీక్ష నార్మల్‌గా వచ్చేదాకా ఆవిడకి వారం రోజులు నిద్ర లేదు. తీరా చూస్తే నొప్పి కొత్త చెప్పులు గట్టిగా ఉండటం వల్ల.

మరి చేయడం దేనికంటారా? 2011లో ప్రత్యామ్నాయ వైద్యాల మీద పరిశోధన చేసే ఎడ్జార్డ్ ఎర్నెస్ట్ బృందం 23 ట్రయల్స్ (మనుషుల మీద చేసిన వైద్య ప్రయోగాలు) పరిశీలిస్తే, మంచి ఫలితం చూపినవి 8 మాత్రమే, ఏ జబ్బుకైనా ఇది పనిచేస్తుందని గట్టిగా చెప్పలేమని తేల్చారు. కానీ 2012లో ముదిరిన రొమ్ము క్యాన్సర్‌కి చికిత్స తీసుకుంటున్న 385 మంది మీద చేసిన ట్రయల్‌లో ఆయాసం కొంత తగ్గింది, నొప్పి, వికారం, దిగులు మాత్రం మారలేదు. 2017లో 256 మంది రొమ్ము క్యాన్సర్ రోగులతో చేసిన ఇంకో ట్రయల్ నాకు చాలా ఇష్టం, ఎందుకంటే అక్కడ పాదాలు పట్టింది నిపుణులు కాదు, నేర్పిస్తే నేర్చుకున్న ఇంట్లోవాళ్లూ స్నేహితులూ. వారానికోసారి అరగంట చొప్పున నాలుగు వారాలు చేస్తే బాధలు తగ్గాయి. మందులు మందులే, వాటితో పాటు ఇది. షుగర్ మాత్ర, బీపీ మాత్ర ఆపమని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

మొదలుపెట్టే ముందు వెలుతురులో పాదాలు చూడండి, వేళ్ల సందులతో సహా. పుండు, పగుళ్లలో రక్తం, ఒరుపు ఉంటే వద్దు. ఒక్క కాలే వాచి, ఎర్రబడి, పిక్క వేడిగా నొప్పిగా ఉంటే అసలు ముట్టుకోవద్దు, రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. కీమోలో ప్లేట్‌లెట్లు తగ్గినవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, గర్భిణులు ముందు డాక్టర్ని అడగాలి. షుగర్ వల్ల తిమ్మిరి ఉన్న పాదానికి మీరెంత గట్టిగా నొక్కుతున్నారో తెలీదు, కాబట్టి చెయ్యి మరీ తేలిగ్గా ఉండాలి.

మనిషిని వెనక్కి ఆనించి కూర్చోబెట్టి పిక్క కింద దిండు పెట్టండి. మీ గోళ్లు కత్తిరించుకుని, అరచేతిలో రెండు చుక్కల కొబ్బరినూనె వేసి రుద్దుకోండి. ముందు చీలమండని రెండు వైపులా మెల్లగా తిప్పండి. తర్వాత ఎడమచేత్తో పాదాన్ని పట్టుకుని, కుడి బొటనవేలు మొదటి కణుపు వంచుతూ చాపుతూ మడమ నుంచి వేళ్ల దాకా గొంగళిపురుగు పాకినట్టు జరపండి, వేలిని లాగకుండా. ఒక వరస అయ్యాక పక్కనే ఇంకో వరస. మాట కన్నా ముఖం చూడండి, మా అమ్మ "ఏం లేదులే" అంటూనే కాలి వేళ్లు ముడుచుకుంటుంది, నేను వెంటనే ఒత్తిడి తగ్గిస్తాను. ఒక్కో పాదానికి పావుగంట చాలు.

చాలామంది మధ్యలోనే నిద్రపోతారు, పోనివ్వండి. కానీ నూనె మాత్రం తువ్వాలుతో వేళ్ల సందుల్లో కూడా పూర్తిగా తుడవండి, లేకపోతే రాత్రి బాత్రూమ్‌కి లేచినప్పుడు కాలు జారుతుంది.