కిండర్‌గార్టెన్ ఆటస్థలంలో పిల్లల చేతికి అందే కళ: ఇన్‌స్టలేషన్‌లను ఎంచుకునే, నిలబెట్టే పద్ధతి

కిండర్‌గార్టెన్ ఆటస్థలంలో కళ అనగానే చాలామందికి ప్రహరీ గోడ మీది జంతువుల బొమ్మలు, అక్షరమాల, అంకెలు గుర్తుకు వస్తాయి. అవి చూడముచ్చటగానే ఉంటాయి గాని, కొద్ది రోజులకే పిల్లలు వాటిని పట్టించుకోవడం మానేస్తారు. గోడ మీది ఏనుగు నిన్న ఎలా ఉందో నేడూ అలాగే ఉంటుంది, దానితో పిల్లవాడు చేయగలిగింది ఏమీ లేదు. ఈ వ్యాసంలో ఇన్‌స్టలేషన్ అనే మాటను పిల్లల చేయి, అడుగు, గొంతు గాని, ఎండ, గాలి, నీరు గాని తోడైతేనే పూర్తయ్యే కళాకృతి అనే అర్థంలో వాడుతున్నాను. ఏ కళాకృతిని పెట్టాలన్నా ముందుగా వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: పిల్లవాడు ఏదైనా చేసినప్పుడు ఇది మారుతుందా? మారకపోతే ఆ ఖర్చును ఇసుక గుంటకో చెట్లకో మళ్లించడం మేలు.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. విద్యావేత్త ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1837లో జర్మనీలోని బాడ్ బ్లాంకెన్‌బర్గ్‌లో చిన్నపిల్లల కోసం ఒక సంస్థను ప్రారంభించి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. అక్కడ పిల్లలకు పాఠం కంటే ముందు ఉన్ని బంతులు, చెక్క గోళం, ఘనం, స్తూపం వంటి వస్తువులు చేతికి అందేవి. డచ్ వాస్తుశిల్పి ఆల్డో వాన్ ఐక్ 1947 నుంచి 1978 వరకు ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో 700కు పైగా ఆటస్థలాలకు రూపకల్పన చేశాడు. ఇసుక గుంటలు, గుండ్రని కాంక్రీటు దిమ్మెలు, లోహపు కమానులు వాటిలో ప్రధానంగా కనిపిస్తాయి. దిమ్మె మీద దూకవచ్చు, కూర్చోవచ్చు, దాన్నే అంగడి బల్లగా చేసుకోవచ్చు. కదపడానికి, మార్చడానికి వీలైన విడిభాగాలు ఎంత ఎక్కువగా ఉంటే పిల్లల కల్పనాశక్తికి అంత అవకాశం ఉంటుందని 1971లో బ్రిటిష్ కళాకారుడు సైమన్ నికల్సన్ వాదించాడు. కిందివన్నీ ఈ మూడు దారుల్లో ఏదో ఒకదానిని అనుసరించేవే.

ముందు స్థలాన్ని చదవడం

ఏమి కట్టాలో నిర్ణయించడానికి ముందు రెండు వారాల పాటు ఆటస్థలాన్ని గమనించండి. ఒక కాగితం మీద స్థలం పటం గీసుకుని, పిల్లలు పరుగెత్తే దారులు, గుమిగూడే చోట్లు, ఎవరూ వెళ్లని మూలలు, ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం నీడ పడే తావులు గుర్తించండి. ఆటలో కలవకుండా అంచున నిలబడే పిల్లలు ఎక్కడ నిలబడుతున్నారో తప్పక రాసుకోండి. వారి పక్కనే పెట్టిన ఒక చిన్న కళాకృతి, మైదానం నడుమ పెట్టిన పెద్ద శిల్పం కంటే ఎక్కువ పని చేస్తుంది. పరుగు దారికి అడ్డంగా ఏదీ రాకూడదు. శబ్దం చేసేవి, కథలు చెప్పుకునే మూలకు దూరంగా ఉండాలి. నాలుగైదు గంటలు ఎండ తగిలే చోట లోహపు పలకలు చేయి కాల్చేంత వేడెక్కుతాయి కాబట్టి, అక్కడ చెక్క వాడాలి, లేదా పైన నీడ ఏర్పాటు చేయాలి.

మూడు నుంచి ఆరేళ్ల పిల్లల ఎత్తు సుమారు 95 నుంచి 115 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. వారి కంటి చూపు దానికి సుమారు 10 సెంటీమీటర్లు కింద. అందుచేత చూడవలసిన వస్తువు మధ్యభాగం నేలకు 90 సెంటీమీటర్ల దగ్గర ఉంటే అందరికీ అందుతుంది. చక్రాల కుర్చీలో ఉన్న పిల్లవాడు దగ్గరకు రావడానికి గట్టి నేల, మోకాళ్లు పట్టేంత ఖాళీ కూడా చూసుకోవాలి. కొలతలు తీసుకునేటప్పుడు పెద్దవారు ఒక్కసారి గొంతుకూర్చుని చుట్టూ చూస్తే, పటంలో కనబడని లోపాలు చాలా బయటపడతాయి.

తరువాత అట్ట పెట్టెలు, తాళ్లు, పాత గుడ్డలతో నమూనా చేసి పెద్దల పర్యవేక్షణలో వారం రోజులు ఆటస్థలంలో ఉంచండి. ఇది ఖరీదైన పొరపాట్లను ఆపే దశ. పిల్లలు పైకి ఎక్కుతారనుకున్న దాని కింద దూరడానికే ఇష్టపడవచ్చు. అలా జరిగితే అసలు నిర్మాణంలో ఎత్తును తగ్గించి, కింది ఖాళీని పెంచడమే సరైన నిర్ణయం.

శబ్దంతో నేర్పే గోడ

నా దృష్టిలో మొదటి ఇన్‌స్టలేషన్‌గా శబ్దపు గోడకు సాటి వచ్చేది లేదు. కారణం, చేసిన పనికి ఫలితం వెంటనే వినబడుతుంది, భాష రాని పిల్లవాడు కూడా మొదటి క్షణం నుంచే పాల్గొనగలడు. ఒకే మందం గల అల్యూమినియం పట్టీలను వేర్వేరు పొడవులలో కోసి, చెక్క చట్రానికి అడ్డంగా బిగిస్తే చాలు. అయితే బిగించే చోటు తప్పితే పట్టీ పాడదు, డబ్బా కొట్టినట్టు చప్పుడు చేస్తుంది. కొట్టినప్పుడు పట్టీ అంతా కంపించినా, రెండు కొనల నుంచి పొడవులో సుమారు 22.4 శాతం దూరంలో ఉన్న రెండు చోట్లు మాత్రం దాదాపు కదలవు. ఆధారం అక్కడే ఇవ్వాలి. 60 సెంటీమీటర్ల పట్టీకి అది ఒక్కొక్క కొన నుంచి సుమారు 13.4 సెంటీమీటర్లు. లెక్క మీద నమ్మకం లేకపోతే పట్టీని మెత్తని స్పాంజి ముక్కల మీద పెట్టి, పైన పొడి ఉప్పు చల్లి, మధ్యలో మెల్లగా పదేపదే కొట్టండి. ఉప్పు గింజలు గెంతుతూ వచ్చి కదలని గీతల మీద పోగుపడతాయి. ఈ పని పిల్లల ముందే చేయడం మంచిది, ఎందుకంటే శబ్దం అంటే కదలిక అన్న విషయాన్ని ఇంతకంటే స్పష్టంగా చూపే మార్గం దొరకదు. రంధ్రాలకు, బోల్టుకు మధ్య రబ్బరు వాషరు వేసి, కాస్త వదులుగా బిగించాలి.

పొడవు తగ్గే కొద్దీ స్వరం హెచ్చుతుంది. 60 సెంటీమీటర్ల పట్టీ ఇచ్చే స్వరానికి పై స్థాయి అదే స్వరం కావాలంటే, అదే మందంలో సుమారు 42.4 సెంటీమీటర్ల పట్టీ కావాలి. సగానికి కోస్తే చాలునని చాలామంది అనుకుంటారు గాని, అలా కోస్తే శ్రుతి రెండు స్థాయిలు పైకి పోతుంది. పట్టీలను పొడవు వరుసలో శాశ్వతంగా బిగించకుండా, కొక్కేలకు తగిలించి తీసేలా చేస్తే, పెద్దది నుంచి చిన్నదానికి వరుసగా పేర్చడం పిల్లల పనవుతుంది. గణితంలో పోల్చడం, క్రమంలో పెట్టడం అనే తొలి మెట్లు అవే. కొట్టుపుల్లలను పొట్టి తాడుతో చట్రానికే కట్టి ఉంచాలి. తాడు మెడకు చుట్టుకోలేనంత పొట్టిగా ఉండడం తప్పనిసరి.

ఎండతో గీసే బొమ్మలు

రెండవ స్థానం రంగు పలకలకు ఇస్తాను. అతినీలలోహిత కిరణాలను తట్టుకునే పూత గల పాలికార్బనేట్ (గట్టి ప్లాస్టిక్) పలకలను చెక్క చట్రాల్లో బిగించి, ఎండ తగిలే చోట నిలబెట్టాలి. గాజు వద్దు. రంగు నీడ లేత రంగు గచ్చు మీదనే బాగా కనబడుతుంది, గడ్డి మీద వెలిసిపోతుంది. నిలువుగా నిలబెట్టిన పలక, సూర్యుడు బాగా పైకి వచ్చిన వేళ తన అడుగునే సన్నని చార మాత్రమే వేస్తుంది. కాబట్టి ఒకటి రెండు పలకలనైనా పందిరిలా అడ్డంగా, లేదా ఏటవాలుగా అమర్చాలి.

పలకల్లో కొన్ని జరిగేవిగా ఉంటే అసలైన ఆట మొదలవుతుంది. పసుపు పలక మీదికి ఆకాశనీలం పలకను జరిపితే నేల మీద ఆకుపచ్చ వస్తుంది. ఎరుపు మీదికి నీలం జరిపితే, రంగుల డబ్బాలో చూసినట్టు ఊదా రాకుండా దాదాపు నల్లని మచ్చ పడుతుంది. పిల్లలు నిరాశపడి పలకను వెనక్కి జరిపి, మళ్లీ ముందుకు జరిపి చూసే ఆ కొద్ది నిమిషాలు చాలా విలువైనవి. ప్రతి పలక తన గుండా కొంత కాంతిని మాత్రమే పోనిస్తుందనే వివరణ అప్పుడే ఇవ్వనక్కర్లేదు. ఉదయం సుద్దముక్కతో ఒక రంగు నీడ అంచు గీయించి, భోజనం తరువాత మళ్లీ అక్కడికే తీసుకువెళ్లి, నీడ గీతలో ఎందుకు లేదని అడిగితే, సూర్యుడి గమనం గురించిన సంభాషణ తనంత తానే మొదలవుతుంది.

అద్దాలు పెట్టదలచుకుంటే సులువుగా పగలని యాక్రిలిక్ అద్దాలే వాడండి. లోపలికి వంగిన అద్దం మాత్రం ఎండలో ఎప్పటికీ వద్దు, అది కాంతిని ఒక చోటికి చేర్చి కాల్చగలదు.

నీరు, మాట, అల్లిక

సగానికి చీల్చిన గొట్టాలు, గరాటులు తగిలించి తీసేలా అమర్చిన నీటి గోడ అందరికీ తెలిసినదే. నీరు నిలిచే తొట్టి ఉండకూడదన్నదే ఇందులో ముఖ్యం. కొద్దిపాటి లోతు కూడా చిన్నపిల్లలకు ప్రాణాపాయం, పైగా దోమలు. నేలలో పాతిన గొట్టం ద్వారా ఈ కొస నుంచి ఆ కొసకు మాట్లాడుకునే బూరలకు మలుపులు గుండ్రంగా ఉండాలి, అన్నిటికంటే పల్లపు చోట నీరు ఇంకే రంధ్రం ఉండాలి, నోటి దగ్గర జల్లెడ ఉండాలి. నిలువు చట్రం మీద గుడ్డ పీలికలు, ఆకులు, గడ్డి అల్లే పని చేతివేళ్ల బలానికి మంచిది, చవకైనది కూడా.

భద్రతలో రాజీ పడకూడని కొలతలు

కళాకారులకు ఆటస్థలపు కొలతలు తెలిసి ఉంటాయని అనుకోకూడదు. మీ ప్రాంతంలో అమలులో ఉన్న ప్రమాణాన్ని వారికి ముందే ఇవ్వండి. ఐరోపా ప్రమాణం ఈఎన్ 1176 ప్రకారం, శరీరం దూరి తల ఇరుక్కునే ప్రమాదాన్ని నివారించడానికి 89 మిల్లీమీటర్లకు, 230 మిల్లీమీటర్లకు మధ్య వచ్చే ఖాళీలను అనుమానించాలి. వేళ్లు ఇరుక్కునే ఖాళీల విషయంలో 8 నుంచి 25 మిల్లీమీటర్ల మధ్యవి ప్రమాదకరం. 60 సెంటీమీటర్లకు మించిన ఎత్తు నుంచి పడే వీలుంటే కింద ఇసుక, చెక్క పొట్టు వంటి దెబ్బను తగ్గించే నేల, చుట్టూ కనీసం 1.5 మీటర్ల ఖాళీ అవసరం. ఎక్కడానికని కట్టకపోయినా ఎక్కడానికి వీలుంటే పిల్లలు ఎక్కుతారు కాబట్టి, శిల్పానికీ ఇదే లెక్క వర్తిస్తుంది. రంగుల్లో సీసం లేదని తయారీదారు ఇచ్చే ధ్రువపత్రం అడగండి. పాత కరెంటు స్తంభాలు, రైలు పట్టాల కింది దుంగలు ఉచితంగా దొరికినా తీసుకోవద్దు, వాటికి పట్టించిన రసాయనాలు చర్మానికి తగలకూడనివి.

టీచరు చేయవలసినది

మొదటి వారం ఏమీ చెప్పకుండా చూడడమే టీచరు పని. తరువాత ఒక ప్రశ్న చాలు: "అన్నిటికంటే పెద్ద గొంతు దేనిది?" లేదా "ఆ ఎర్ర నీడను ఆ చెట్టు దాకా తీసుకుపోగలవా?" జవాబు ముందే తెలిసిన ప్రశ్నలు, అంటే "ఇది ఏ రంగు?" వంటివి, ఆటను పరీక్షగా మార్చివేస్తాయి. పిల్లలు వాడిన మాటలు, మళ్లీ మళ్లీ చేసిన పనులు, ఎవరు ఎవరితో కలిశారన్నది ఒక నోటు పుస్తకంలో క్లుప్తంగా రాసుకుంటే, తదుపరి మార్పు ఏమి చేయాలో ఆ పుస్తకమే చెబుతుంది. విడిభాగాలను నెలకు ఒకసారి మార్చండి, అన్నీ ఒకేసారి బయట పెట్టవద్దు.

కళాకారునితో ఒప్పందం రాసుకునేటప్పుడు మూడు విషయాలు స్పష్టంగా ఉండాలి. ఆయన లేదా ఆమె పని మొదలుపెట్టే ముందు పిల్లల ఆటను స్వయంగా చూడాలి, విరిగిన భాగాన్ని స్థానికంగా దొరికే సరుకుతో బడి వారే మార్చుకునే వీలుండాలి, అవసరమైతే కళాకృతిని మార్చడానికి, తొలగించడానికి బడికి అనుమతి ఉండాలి. ఈ చివరి షరతును మొహమాటంతో వదిలేస్తే తరువాత చిక్కులు వస్తాయి.

రోజూ ఉదయం పిల్లలు రాకముందు ఒకరు చేతితో తడిమి చూడాలి: చెక్క పేళ్లు, పైకి వచ్చిన మేకులు, వదులైన బోల్టులు, పగిలిన అంచులు. పేళ్లు లేచిన చోట అప్పుడే గరుకు కాగితంతో రుద్దాలి. నెలకోసారి పునాదులు, కీళ్లు, తాళ్ల అరుగుదల చూసి తేదీతో సహా నమోదు చేయాలి. పిల్లలు పూర్తిగా వదిలేసిన ఇన్‌స్టలేషన్‌ను ముందు మరో చోటికి మార్చి చూడండి, అప్పటికీ ఎవరూ దగ్గరకు రాకపోతే విప్పేయండి. పనికివచ్చే పలకలు, పట్టీలు విడిభాగాల బుట్టలోకి చేర్చండి. నేలలో మిగిలిన బోల్టులను గచ్చు మట్టానికి కోసి, ఆ చోటును సిమెంటుతో నున్నగా పూడ్పించిన తరువాతే పిల్లలను అక్కడికి వదలండి.